ఆరు వేల రూపాయల వెనక కథ

2023 డిసెంబర్ 26న రాష్ట్రంలో మున్సిపల్ కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. విజయవాడలో మా వీధి చివర డంపర్ బిన్ మూడో రోజుకే నిండి రోడ్డు మీదికి పొంగింది. కొత్త సంవత్సరం కేకు డబ్బాలు కూడా వచ్చి ఆ గుట్ట మీదే పడ్డాయి. ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నడుస్తూ పక్కింటి రిటైర్డ్ మాస్టారు అన్నారు: "కరోనా అప్పుడు పూలు చల్లాం, దండలేశాం కదయ్యా, ఇంకేం కావాలంట వీళ్ళకి?"

పూలు చల్లిన ఆ రోజుల నుంచే వస్తున్న తగాదా ఇది. ఎన్నికల ముందు జీతాల గొడవగా పేపర్లలో కనిపించిందిగానీ, దీని మధ్యలో ఆరు వేల రూపాయల ఆరోగ్య భత్యం ఉంది. కార్మికుల నోట అది 'హెల్త్ అలవెన్స్'. దాని చుట్టూ జరిగినదాన్ని పట్టుకుంటే, కరోనా కాలంలో ప్రభుత్వ రంగంలో పనిచేసినవాళ్ళకి సంఘాలు ఎంతవరకు అండగా నిలబడగలిగాయో, ఎక్కడ చేతులు కట్టేసినట్టయిందో తెలుస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. అంటువ్యాధుల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కోసం తెల్లవాళ్ళు చేసింది. 2020లో మనల్ని ఇళ్ళలో కూర్చోబెట్టడానికి ప్రభుత్వాలు ముందు తీసింది ఆ పాత చట్టాన్నే. ఇక 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, మన జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే బి.పి. వాడియా మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టాడు. దేశంలో పద్ధతి ప్రకారం నడిచిన తొలి కార్మిక సంఘాల్లో అదొకటి. మహమ్మారీ సంఘమూ ఒకే ఏడాది రావడం కాకతాళీయమే, దానికి పెద్ద అర్థాలు తీయక్కర్లేదు. అయితే ఆ సంఘం మీద మిల్లు యాజమాన్యం హైకోర్టుకి వెళ్ళి 1921లో నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవడం, ఆ దెబ్బకి సంఘాలకి చట్టపరమైన రక్షణ కావాలన్న ఒత్తిడి పెరగడం, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం రావడం మాత్రం ఒకదాని వెనక ఒకటి జరిగినవే.

మున్సిపాలిటీ కార్మికులకి ఆ చట్టం ఒక్కటే సరిపోలేదు. గుంటూరు మున్సిపాలిటీ 1866లో, బెజవాడ మున్సిపాలిటీ 1888లో పుట్టాయి. వీధులు ఊడ్చేవాళ్ళు అప్పటి నుంచీ ఉన్నారు. ఎక్కువమంది రెల్లి, మాదిగ కులాలవాళ్ళు. తల్లి చీపురు కూతురు చేతికి, తండ్రి బండి కొడుకు చేతికి వచ్చిన కుటుంబాలు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. వీళ్ళు కార్మికులా, లేక ఊరికి సేవ చేసేవాళ్ళా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. మున్సిపాలిటీలో వచ్చే తగాదా కూడా పారిశ్రామిక వివాదమే అని సుప్రీంకోర్టు 1952 డిసెంబర్‌లో తేల్చింది. బెంగాల్‌లోని బడ్జ్‌బడ్జ్ మున్సిపాలిటీలో ఒక హెడ్ క్లర్కు, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్ మీద తీసుకున్న చర్యతో మొదలైన కేసు అది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసు తీర్పు ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం పారిశుద్ధ్యాన్ని 'ప్రజోపయోగ సేవ' అంది. అంటే వీళ్ళు కార్మికులే, సమ్మె చేయొచ్చు, కాకపోతే ముందుగా నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చలు నడుస్తుండగా పని మానకూడదు. దానికి తోడు అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే 1971 నాటి ఎస్మా చట్టం రాష్ట్రానికి ఉండనే ఉంది. 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులోనైతే ప్రభుత్వోద్యోగులకి సమ్మె హక్కే లేదని సుప్రీంకోర్టు అంది. సంఘం నాయకుడు సమ్మె అనే మాట ఎత్తేముందు ఇన్ని కాగితాలు చూసుకోవాలి.

అసలు దెబ్బ కోర్టుల నుంచి కాదు, జీవోల నుంచి పడింది. 1994లో ఉమ్మడి రాష్ట్రం చేసిన 2వ నంబరు చట్టం దినసరి కూలి నియామకాలకి తలుపు మూసింది. ఖాళీలు నింపడం ఆగింది, చెత్త మాత్రం ఆగదు కదా. ఆ పనిని ముందు కాంట్రాక్టర్లకీ, తర్వాత గ్రూపులకీ, ఏజెన్సీలకీ అప్పజెప్పారు. పర్మనెంట్ కార్మికుడు రిటైరైతే ఆ పోస్టు కూడా ఆయనతోనే పోయేది. ఒకే మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, తెల్లవారుజామున సంతకం పెట్టే ఇద్దరిలో ఒకరికి ప్రభుత్వ స్కేలు, పెన్షను. ఇంకొకరికి అందులో మూడో వంతో, సగమో, అదీ కాంట్రాక్టర్ చేతుల మీదుగా. రాష్ట్రం విడిపోయాక వచ్చిన 279 జీవో వీధుల్ని ముక్కలు చేసి ప్యాకేజీలుగా టెండరుకి పెట్టే ఏర్పాటు చేసింది. 2018 దాకా విజయవాడ, గుంటూరు కార్పొరేషన్ ఆఫీసుల ముందు వినిపించిన నినాదం 'రెండొందల డెబ్భై తొమ్మిది జీవో రద్దు చేయాలి' అన్నదే. సీఐటీయూ, ఏఐటీయూసీ సంఘాలు జెండాలు వేరైనా ఈ ఒక్క విషయంలో ఒకే టెంటు కింద కూర్చున్నాయి.

ఆ రోజుల్లో ఇచ్చిన ఏ వినతిపత్రం తీసినా పెద్ద డిమాండ్ల కింద చిన్నవి కొన్ని కనిపించేవి: సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, గ్లౌజులు, యూనిఫాం. ఇవి ఏడాదికోసారి ఇవ్వాల్సినవే. వాటి కోసం ధర్నా చేయాల్సి రావడం చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. 2020 మార్చి తర్వాత ఎవరూ నవ్వలేదు.

2019లో కొత్త ప్రభుత్వం పారిశుద్ధ్య కార్మికుల జీతం నెలకి 18,000 చేసింది. అందులో 12,000 వేతనం, 6,000 ఆరోగ్య భత్యం. సంఘాలు దాన్ని స్వాగతించాయి, అదే నోటితో ఒక ప్రశ్న కూడా వేశాయి. ఆరు వేలని వేతనంలో కలపకుండా పక్కన పెట్టారేం? వేతనమైతే పీఎఫ్‌కి లెక్కకొస్తుంది, రేపు ఎవరైనా తగ్గించాలంటే జంకుతారు. భత్యాన్ని ఒక్క కాగితంతో తీసేయొచ్చు. అప్పుడు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ సాయంత్రం చప్పట్లు, పళ్ళేల మోత. 25 నుంచి లాక్‌డౌన్. బెజవాడలో కృష్ణలంక, కార్మికనగర్ లాంటి పేటలు రెడ్ జోన్లయ్యాయి. బారికేడ్ దాటి లోపలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. పోలీసులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, వలంటీర్లు, మున్సిపల్ కార్మికులు, అంతే. హైపోక్లోరైట్ ద్రావణం పిచికారీ చేయాలి, బ్లీచింగ్ చల్లాలి, పాజిటివ్ వచ్చిన ఇళ్ళ చెత్త విడిగా ఎత్తాలి. ఆ చెత్తని పసుపు సంచుల్లో వేరుగా తీసుకెళ్ళాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సంచి ఏ రంగుదైనా దాన్ని ఎత్తే చెయ్యి ఒకటేగా.

మార్చి 26న కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. 22 లక్షల మందికి పైగా ఆరోగ్య కార్యకర్తలకి వర్తిస్తుందని చెప్పింది. ఆసుపత్రుల్లో సఫాయి పనివాళ్ళూ, ఆశాలూ అందులో ఉన్నారు. మరి వీధిలో సఫాయి పనివాళ్ళ సంగతి? 'మమ్మల్నీ చేర్చండి' అన్న డిమాండు మున్సిపల్ సంఘాల మొదటి వినతిపత్రాల్లోకి వచ్చింది అందుకే. వాటి కిందే మళ్ళీ గ్లౌజులు, సబ్బులు. ఈసారి మాస్కులు, శానిటైజర్లు కొత్తగా చేరాయి.

మార్చి 31న రాష్ట్ర ప్రభుత్వం 26వ నంబరు జీవో తెచ్చింది. ఆదాయం పడిపోయింది కాబట్టి జీతాలు వాయిదా. ముఖ్యమంత్రి, మంత్రులు, ప్రజాప్రతినిధులకి మొత్తం, అఖిల భారత సర్వీసులకి 60 శాతం, మిగతా ఉద్యోగులకి సగం, నాలుగో తరగతి, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ళకి 10 శాతం. పెన్షనర్లకీ కోత పడింది. నాలుగు రోజులకే, ఏప్రిల్ 4న, ఇంకో జీవో: వైద్య ఆరోగ్య శాఖ, పోలీసులు, పట్టణాల్లోనూ పల్లెల్లోనూ పారిశుద్ధ్య సిబ్బందికి పూర్తి జీతం. వీళ్ళు లేకపోతే పూట గడవదని ఖజానా శాఖకి కూడా అర్థమైందన్నమాట.

మిగతావాళ్ళ సగం జీతం మాటేమిటి? ఊళ్ళో సగానికి పైగా జనానికి అసలు జీతమే లేని రోజులవి. 'మా సగం మాకివ్వండి' అని రోడ్డెక్కితే జనం ఛీకొడతారన్న భయం పెద్ద ఉద్యోగ సంఘాలకి ఉంది. రోడ్డెక్కడానికి వీలు కూడా లేదు, 144 సెక్షన్. కోర్టు మెట్లెక్కింది విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు, పెన్షనర్‌గా. 2020 ఆగస్టులో హైకోర్టు బకాయిలు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే 2021 ఫిబ్రవరి 8న వడ్డీ 6 శాతానికి తగ్గింది, బకాయి ఇవ్వాల్సిందే అన్న మాట నిలబడింది. నా లెక్కలో, కరోనా ఏడాది ప్రభుత్వోద్యోగులకి ఈ రాష్ట్రంలో దక్కిన అతి పెద్ద న్యాయపరమైన గెలుపు ఇదే. దాన్ని తెచ్చింది లక్షల సభ్యత్వం ఉన్న సంఘం కాదు, ఒక్క పిటిషనర్. సంఘాల్లో ఉన్న మిత్రులకి ఈ మాట నచ్చదని తెలుసు.

అలాగని సంఘం లేకపోతే ఏమవుతుందో కూడా ఆ నెలలోనే చూశాం. నర్సీపట్నం ఆసుపత్రిలో మాస్కుల కొరత గురించి గొంతెత్తిన ప్రభుత్వ డాక్టర్ ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. ఒంటరిగా అడిగితే క్రమశిక్షణ తప్పడం, పది మంది లెటర్‌హెడ్ మీద అడిగితే ప్రాతినిధ్యం. మే నెలలో మద్యం షాపులు తెరిచినప్పుడు విశాఖ వైపు టీచర్లని క్యూల దగ్గర టోకెన్లు ఇచ్చే డ్యూటీకి వేశారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. గుంటూరులో మా చుట్టాలబ్బాయి కూడా టీచరే. 'నాకు ఆ డ్యూటీ పడలేదుగానీ ఆ వారమంతా ఫోన్ మోగితే టెన్షనే' అనేవాడు.

సమ్మె చేయలేని కాలంలో సంఘం చేసే పని వేరేగా ఉంటుంది. నల్ల బ్యాడ్జీలు, దూరం దూరంగా నిలబడి ప్లకార్డులు, వాట్సాప్‌లో వినతిపత్రాలు, చనిపోయినవాళ్ళ ఇంటికి కాగితాల పని. ఆగస్టు 7, 8 తేదీల్లో ఆశా, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన కార్మికుల దేశవ్యాప్త సమ్మె, నవంబర్ 26న కేంద్ర కార్మిక సంఘాల సార్వత్రిక సమ్మె జరిగాయి. వాటి మధ్య సెప్టెంబర్‌లో పార్లమెంటు మూడు కార్మిక కోడ్‌లని ఆమోదించింది. వాటిలో ఒకటి సమ్మె నోటీసుని అన్ని పరిశ్రమలకీ తప్పనిసరి చేసేది. జనం మాస్కుల వెనక ఉండగా ఆ చర్చ ఎవరి చెవికీ పెద్దగా ఎక్కలేదు.

ఇక్కడ 2020 జులై 3న మొదలైన ఆప్కాస్ గురించి చెప్పాలి. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ప్రభుత్వమే పెట్టిన కార్పొరేషన్ అది. మధ్యలో కాంట్రాక్టర్ పోయాడు, జీతం నేరుగా ఖాతాలో పడటం మొదలైంది. 279 జీవో మీద కొట్లాడినవాళ్ళకి ఇది చిన్న మార్పేం కాదు. కానీ ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. పైగా ప్రభుత్వ కార్పొరేషన్ ఖాతాలో ఉన్నారు కాబట్టి ప్రభుత్వోద్యోగుల కిందే లెక్కంటూ కొందరి ఇళ్ళలో రేషన్ కార్డులు, పథకాలు పోయాయన్న గోల మొదలైంది. జీతం దగ్గర పరాయివాళ్ళు, పథకం దగ్గర సొంతవాళ్ళు.

2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ముఖ్యమంత్రి సమక్షంలో రాష్ట్రంలో తొలి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. మర్నాడు అన్ని పేపర్లలో ఆ ఫొటోనే. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చింది, అప్పుడు ఫొటోలు తీసే ఓపిక ఎవరికీ లేదు. అక్టోబర్ 2న బెంజి సర్కిల్‌లో 4,097 చెత్త వాహనాలు జెండా ఊపి బయల్దేరాయి. వాటితో పాటు చెత్త పన్ను వచ్చింది. పన్ను వేసింది ఎవరో, గుమ్మం ముందు మాట పడింది విజిల్ వేసిన మనిషి.

2022 జనవరిలో పీఆర్సీ, అంటే ఉద్యోగుల వేతన సవరణ, జీవోలు వచ్చాయి. మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నవాళ్ళకి ఫిట్‌మెంట్, అంటే అసలు పెంపు, 23 శాతమే. రెండేళ్ళు నోరు మూసుకున్న ఉద్యోగ సంఘాలు ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' అంటే పోలీసుల అడ్డంకులు దాటుకుని వచ్చిన జనంతో బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఆ ఊపుతో సమ్మె నోటీసు నడుస్తుండగానే 5వ తేదీ రాత్రి ఒప్పందం కుదిరింది. అది సరైన ఒప్పందమా కాదా అని టీచర్ల సంఘాలు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటాయి.

అదే పీఆర్సీతో అవుట్‌సోర్సింగ్ కార్మికుల వేతనం 12,000 నుంచి 15,000 అయింది. వెంటనే హెల్త్ అలవెన్స్ మీదికి కత్తెర వచ్చింది. 2019లో వేసిన ప్రశ్న ఇప్పుడు నిజమైంది. జులైలో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. కొద్ది రోజులకే మంత్రులు చర్చలకి పిలిచి, 15,000 మీద ఆరు వేలూ కొనసాగిస్తామన్నారు. మొత్తం 21,000.

అయినా అది భత్యంగానే ఉంది. సెలవు పెడితే ఉంటుందా, జబ్బు చేస్తే ఉంటుందా, వచ్చే ప్రభుత్వంలో ఉంటుందా? 2023 డిసెంబర్ సమ్మె డిమాండ్లలో పర్మనెంట్ చేయడం, సమాన పనికి సమాన వేతనం ముందున్నాయి, ఈ ఆరు వేలని జీతంగా గట్టి చేయడం వాటి పక్కనే ఉంది. అప్పటికే అంగన్‌వాడీలు రోడ్డు మీదున్నారు, జనవరి 6న వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. సమ్మెలో ఉన్న మున్సిపల్ కార్మికులు అది చూశారు.

సంక్రాంతికి ముందు ఒప్పందం కుదిరింది, 21,000ని వేతనంగానే లెక్కేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. పర్మనెంట్ సంగతి అలాగే ఉండిపోయింది. మా వీధికి ట్రాక్టర్ వచ్చిన రోజు మాస్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఎంత పెంచారమ్మా?" అని చెత్త ఎత్తే ఆవిణ్ణి అడిగారు.

"పెంచడమేంటండీ," అంది ఆవిడ పార మీద నుంచి చెయ్యి తీయకుండా, "ఉన్నదాన్ని మళ్ళీ తీసెయ్యం అని చెప్పారు."