పల్లీ బూజును పట్టిచ్చిన రెండో లేఖకుడు

"బూజు పట్టిన పల్లీలతో క్యాన్సర్ వస్తుందంటారు. అలాంటి విషాల్ని బ్యాక్టీరియా మీద పరీక్షిస్తారట. బ్యాక్టీరియాకు క్యాన్సర్ రాదు కదా, మరెలా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! సగం జవాబు పీకేఎం101 అనే చిన్న ప్లాస్మిడ్‌లో ఉంది.

ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా కణంలో అసలు క్రోమోజోముతో కలవకుండా విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట, అది ఇంటర్ పుస్తకంలోనే ఉంటుంది. కానీ క్లాసులో దాన్ని మందులకు లొంగని జన్యువులు మోసే బండిగా చెప్పి ఊరుకుంటాం. చేరిన కణంలో డీఎన్‌ఏ నకలు తీరునే అది మార్చేయగలదని చెప్పం. నాకు ప్రాణం ఆ ముక్కే.

తాళపత్రానికి నకలు రాసే లేఖకుడు అక్షరం చూసి రాస్తాడు, రాసింది మళ్లీ సరిచూస్తాడు. పురుగు తిన్న చోటు రాగానే గంటం ఆగిపోతుంది. బ్యాక్టీరియాలో డీఎన్‌ఏకు నకలు రాసే ఈ పని పాలిమరేజ్ 3 అనే ఎంజైముది. దెబ్బతిన్న అక్షరం దగ్గర అదీ ఆగిపోతుంది. నకలు పూర్తికాకపోతే కణం చస్తుంది. అందుకని కణం రెండో లేఖకుణ్ణి పిలుస్తుంది. ఇతను చిల్లు దగ్గర ఆగడు. తోచిన అక్షరం పెట్టి ముందుకు పోతాడు, వెనక్కి చూడడు. గ్రంథం దక్కుతుంది, పాఠాంతరం మిగులుతుంది. ఆ పాఠాంతరమే మ్యుటేషన్.

పిలుపు వెళ్లే తీరు చూడండి. నకలు ఆగినచోట ఒంటిపోగు డీఎన్‌ఏ బయటపడుతుంది. దాని మీద రెక్‌ఏ ప్రొటీన్ వరుసగా పేరుకుంటుంది. దాన్ని తాకగానే లెక్స్‌ఏ అనే కాపలా ప్రొటీన్ తనను తానే తెంచుకుంటుంది. అది అణచిపెట్టిన నలభై దాకా జన్యువులు మేలుకుంటాయి. దీన్నే ఎస్ఓఎస్ స్పందన అంటారు. ముందు మరమ్మతు జన్యువులు దిగుతాయి, ఆలస్యంగా యూఎంయూడీ, యూఎంయూసీ అనే జన్యువుల జంట వస్తుంది. రెక్‌ఏ దగ్గర తోక తెంచుకున్న రెండు డీ ప్రొటీన్లు, ఒక సీ ప్రొటీన్ కలిస్తే పాలిమరేజ్ 5. అదే రెండో లేఖకుడు. మంచి డీఎన్‌ఏ మీద కూడా వెయ్యి నుంచి పది వేల అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. ఇది అసలు డీఎన్‌ఏ రాసే ఎంజైమేనని 1999లో గానీ తేలలేదు.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో సొంత లేఖకుడు మందకొడి. పీకేఎం101 మక్‌ఏ, మక్‌బీ జన్యువులతో వేరే లేఖకుణ్ణి వెంట తెస్తుంది. మక్‌ఏ తోక ఇంకా సులువుగా తెగుతుంది కాబట్టి ఇతను చురుకు. ఈ ప్లాస్మిడ్ ఉంటే అతినీలలోహిత కాంతి తగిలినా ఎక్కువ కణాలు బతుకుతాయి, బతికినవాటిలో తప్పులూ ఎక్కువే.

అమెరికాలోని బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ బృందం ఈ తప్పుల్నే పనికి పెట్టుకుంది. వాళ్ల దగ్గర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకోలేని, అది అందని పళ్లెంలో పెరగలేని సాల్మొనెల్లా రకం, టీఏ1535, ఉంది. దాని లోపం ఒక్క అక్షరం: సీటీసీ ఉండాల్సినచోట సీసీసీ. చిల్లులకు మాసికలు వేసే ఒక మరమ్మతు జన్యువునూ ముందే తీసేశారు. దానికి పీకేఎం101 ఎక్కిస్తే టీఏ100 అయింది. 1975లో ఈ సంగతి ప్రచురించారు.

ఇక పల్లీ దగ్గరికి వద్దాం. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ చేస్తుంది. గింజ ముదిరే వేళ వాన ముఖం చాటేస్తే ఇది పెరుగుతుంది, అనంతపురం లాంటి కరువు నేలల్లో పల్లీకి అదే పెద్ద బెడద. కాలేయం ఎంజైములు ఆ విషాన్ని మార్చాక అది డీఎన్‌ఏలో జీ అక్షరానికి అతుక్కుంటుంది. సీసీసీకి ఎదురు పోగులో ఉండేవి మూడు జీలే! పాలిమరేజ్ 3 అక్కడ ఆగుతుంది. ప్లాస్మిడ్ లేకపోతే కణం చస్తుంది. చచ్చిన కణం సాక్ష్యం చెప్పదు, టీఏ1535 పళ్లెంలో అఫ్లాటాక్సిన్ దాదాపు అమాయకంగా కనబడుతుంది. టీఏ100లో వలస లేఖకుడు ఏదో అక్షరం పెట్టేస్తాడు. ఎక్కడో అది కలిసొస్తుంది, కణం మళ్లీ హిస్టిడిన్ చేసుకుంటుంది, పెరిగి చుక్కగా కనబడుతుంది. ఎలుక కాలేయం సారం కలిపి, 37 డిగ్రీల దగ్గర రెండు రోజులుంచి తీస్తే, పళ్లెం నిండా గసగసాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

కాబట్టి అమ్మా, బ్యాక్టీరియా చెప్పేది క్యాన్సర్ సంగతి కాదు, డీఎన్‌ఏ అక్షరం చెడుతోందన్న సంగతి. క్యాన్సర్ అని తేల్చింది జంతువుల మీద, మనుషుల మీద జరిగిన అధ్యయనాలు. వేయిస్తే బూజు విషం పోతుందని చాలా ఇళ్లలో నమ్ముతారు. పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, రంగు మారిన గింజల్ని ఏరి పారేయండి.