పల్నాటి మెట్ట కాలువను నమ్ముకున్న కథ

నాగార్జున సాగర్‌లో నీటిమట్టం తగ్గిందంటే చాలు, పల్నాటి మిరప రైతుకు టెన్షన్ మొదలవుతుంది. కాలువ చివరి ఊళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి తోటలు బతికించుకున్న ఏళ్లూ ఉన్నాయి.

కాలువలు రాకముందు నరసరావుపేట, వినుకొండ, మాచర్ల వైపు సేద్యమంతా వాన మీదే. అయినా దానికి ఒక పద్ధతి ఉండేది. నల్లరేగడి ఎండలకు నెర్రెలిస్తుంది. తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లోంచి అడుగుకు దిగుతాయి. గుంటక తోలి కలుపు చంపి, నేలలో పదును (తేమ) కాపాడి, వానలు వెనకబట్టాక గొర్రుతో జొన్న, శనగ వేసేవాళ్లు. ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించేవాళ్లు. జొన్నలో కంది సాళ్లు పోసేది ఒకటి పోతే ఇంకొకటైనా చేతికొస్తుందని. మిగిలిన గింజ పాతరలో దాచేవాళ్లు.

ఒక చెడ్డ ఏడు గడవడానికి ఇవి సరిపోయేవేమో గానీ, 1832-33 నాటి నందన కరువుకు ఆగలేదు. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారని అంచనా. ఆ దెబ్బ తర్వాతే బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు, 1855కి పూర్తయింది. తెనాలి, రేపల్లె మాగాణి అయ్యాయి. మెరక మీదున్న పల్నాటికి చుక్క ఎక్కలేదు.

మెట్ట రైతుకు పశువే ఆస్తి, మేతకు అడవే దిక్కు. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ అడవికి హద్దులు పడ్డాయి, పశువును తోలితే పుల్లరి, అంటే మేత పన్ను, కట్టాలన్నారు. 1921లో పల్నాడు కట్టనంది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. స్వాతంత్ర్య పోరాటంగా అందరూ చెప్పుకునే ఈ ఘట్టంలో గడ్డి సంగతి ఎందుకో వెనక్కి పోయింది.

1967లో సాగర్ నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద చాలా భూమికి రాసిపెట్టింది ఆరుతడే, అంటే అప్పుడప్పుడు తడి పెడితే చాలనే పైర్లు. నీళ్లు ముందుగా అందే ఎగువ రైతులు మాత్రం వరి నాటారు. వాళ్లను అనీ లాభం లేదు, కళ్లెదుట నీళ్లు పారుతుంటే జొన్న ఎవరు వేస్తారు? చివరి భూములకు అందేది అందులో మిగిలిందే. అక్కడా జొన్న పోయి పత్తి, మిర్చి వచ్చాయి. జొన్న చేను వాన కోసం కొన్నాళ్లు ఓర్చుకునేది. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి మింగే మిరప తోట ఓర్చుకోదు, అందుకే ట్యాంకర్లు.