పిల్లలకు: రింగులో బ్రోకరు ఏం చేసేవాడంటే

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"ఫోన్‌లో వేలితో నొక్కితే అయిపోయే షేర్ల బేరానికి అప్పట్లో అంతమంది ఎందుకు అరిచేవాళ్లు తాతయ్యా?" అని అడిగారు కదా. బొంబాయి షేర్ మార్కెట్ ఉన్న దలాల్ స్ట్రీట్‌లో ఒక బ్రోకరు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన మిర్చి యార్డు చూశారుగా. కొనే వ్యాపారి టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి రంగు చూస్తాడు, తుంచి తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. ఒకే రైతు తెచ్చిన రెండు లాట్లకు రెండు ధరలు పలుకుతాయి. షేరుకు ఆ పరీక్ష అక్కర్లేదు. ఒక కంపెనీ షేరు ఎవరి దగ్గరున్నా ఒకటే సరుకు. ఇక చెప్పాల్సినవి రెండే: ధర ఎంత, ఎన్ని కావాలి. అందుకే వందలమంది ఒకే హాల్లో నిలబడి అరిచినా బేరాలు తెగేవి. ఆ హాల్‌నే రింగు అనేవాళ్లం.

అరుపు వినపడని చోట చేతులు మాట్లాడేవి. చికాగో సరుకుల మార్కెట్లలో దీన్ని పూర్తి భాషగా మార్చారు. అరచెయ్యి తన వైపు తిప్పుకుంటే కొంటానని, ఎదుటివాళ్ల వైపు చూపిస్తే అమ్ముతానని. కొనేవాడు ముందు ధర చెప్పి తర్వాత ఎన్నో చెప్తాడు, అమ్మేవాడు ముందు ఎన్నో చెప్పి తర్వాత ధర చెప్తాడు. సగం మాటే చెవిన పడ్డా మనిషి ఏ పక్కనున్నాడో తెలిసిపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

మీరు కలిపేస్తున్న జాబర్‌నీ బ్రోకరునీ విడదీసి చెప్పాలి. జాబర్ సొంత డబ్బుతో కొని అమ్ముతాడు, నష్టమొస్తే అతనిదే. బ్రోకరు చేతిలో ఉండేది ఖాతాదారుడి ఆర్డరు. అతనికొచ్చేది కమీషనే. బ్రోకరు జాబర్ దగ్గరికెళ్లి కొంటాననీ అనడు, అమ్ముతాననీ అనడు, "ధరెంత?" అంటాడు అంతే. జాబర్ "నూరు, నూటొకటి" అంటే నూరుకు కొంటాను, నూటొకటికి అమ్ముతాను అని. అప్పుడుగానీ బ్రోకరు మనసులో మాట బయటపెట్టడు. ఐదువేల షేర్లు కొనాల్సి ఉన్నా ఐదొందలతో మొదలుపెట్టి, ఇంకా కావాలన్న ఆత్రం మొహంలో కనపడనీయకుండా నిలబడాలి. పెద్ద గిరాకీ ఉందని పసిగడితే క్షణంలో ధర ఎక్కించేస్తారు, ఆ భారం ఎక్కడో ఉన్న ఖాతాదారుడి మీద పడుతుంది. గొంతున్నవాడు గొప్ప బ్రోకరని చాలామంది అనుకుంటారు. నేను చూసిన మంచి బ్రోకర్లు మొహం అదుపులో పెట్టుకోగలిగినవాళ్లు.

బేరం తెగిన ఆ నిమిషంలో సంతకాలేమీ ఉండవు. చిన్న పుస్తకంలో ఎవరికి వాళ్లు పెన్సిల్‌తో రాసుకుంటారు. సాయంత్రం మా గుమాస్తాలం రెండు పక్కల లెక్కలూ సరిచూసేవాళ్లం. ధర అడ్డం తిరిగినా "అన్నాను" అని ఒప్పుకునే మనిషితోనే మర్నాడు మిగతావాళ్లు బేరమాడేవాళ్లు. అక్కడ పనిచేసినందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అయినా ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోను. గుంటూరులో కూర్చుని ఆర్డరు ఇచ్చినాయనకు రింగులో ధర కనపడేది కాదు. మర్నాడు పేపర్లో చూసుకోవాలి. రోజులో తక్కువకు కొని, ఎక్కువ ధరకు బిల్లు రాసిన బ్రోకర్లూ ఉన్నారు. ఇంటికొచ్చిన షేరు కాగితాలు సంతకం కుదరలేదని వెనక్కి పోయేవి. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ల మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టింది, 1995లో బొంబాయి ఎక్స్ఛేంజ్ కూడా రింగు వదిలి కంప్యూటరు తెరకు మారింది. షేర్లను కాగితం లేకుండా కంప్యూటరు ఖాతాలో ఉంచుకోనిచ్చిన 1996 డిపాజిటరీల చట్టంతో కాగితాల బాధ కూడా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కొన్న మర్నాడే షేర్లు ఖాతాలో పడుతున్నాయి. చూడాల్సిన సరుకు లేని బేరం కాబట్టే యంత్రానికి అంత తేలిగ్గా లొంగింది.

న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో మాత్రం ఇప్పటికీ హాల్లో నిలబడి పనిచేసే ఫ్లోర్ బ్రోకర్లు కొద్దిమంది ఉన్నారు. 2020 మార్చిలో కరోనాకు ఫ్లోర్ మూసేసినప్పుడు వ్యాపారం మొత్తం కంప్యూటర్ల మీదే నడిచింది, అయినా మే నెలలో వాళ్లను మళ్లీ రానిచ్చారు. పెద్ద ఆర్డరు మార్కెట్ బెదరకుండా నడిపించడానికి, ముఖ్యంగా ఆ రోజు ఆఖరి ధర తేల్చడానికి చివర్లో జరిగే ముగింపు వేలంలో, వాళ్ల అవసరం ఉంది.

చిన్నోడా, ఈ పనే చేస్తానన్నావు. మన దేశంలో రింగు లేదు, బ్రోకరు ఆఫీసులో ఖాతాదారుల ఆర్డర్లు కంప్యూటర్లో పెట్టే డీలర్ ఉద్యోగం ఉంది. దానికి షేర్ మార్కెట్ ఉద్యోగాలకు అర్హత పరీక్షలు పెట్టే ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ పరీక్ష రాయాలి. ముందు డిగ్రీ కానివ్వు, పరీక్ష పుస్తకం ఇద్దరం కలిసి చదువుదాం.

ఉంటాను,
మీ తాతయ్య