మెటల్ షో చూసొచ్చాక చెవులు గింగురుమంటుంటే: అపోహలు, వాస్తవాలు

"తగ్గిపోద్దిలే అన్నారండీ అందరూ. నేనూ అదే అనుకున్నానండి."

అమలాపురంలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేస్తూ కూర్చున్న నాకు ఈ మాట వినపడని నెల లేదు. ఈసారి అన్నది ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. ఏళ్ల తరబడి ఫోన్లో విన్న మెటల్ (గిటార్లు, డ్రమ్స్ హోరెత్తించే రాక్ సంగీతం) బ్యాండుని మొట్టమొదటిసారి కళ్లారా చూద్దామని బెంగళూరు వెళ్లాడు. బ్యారికేడ్ పట్టుకుని, కుడిపక్క స్పీకర్ల కింద మూడు గంటలు నిలబడ్డాడు. మర్నాటికి ఎడమ చెవి సర్దుకుంది, కుడిది మూసుకుపోయినట్టే ఉండిపోయింది. ఎవరో వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యమంటే ఇంట్లోవాళ్లు పోశారు. మందుల షాపులో చుక్కలిస్తే అవీ వేశారు. నా దగ్గరికి వచ్చేసరికి పందొమ్మిదో రోజు.

అపోహ: అదే తగ్గిపోతుంది. తగ్గిందంటే చెవికి ఏమీ కానట్టే.

దీని మీద ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు, కోపం వస్తుంది. షో అయ్యాక చెవి మూసుకుపోయినట్టుండి, ఒకట్రెండు రోజులకి కూడా తేరుకోకపోతే అది ఎమర్జెన్సీ. ముఖ్యంగా ఒక్క చెవే అయితే ఆ పూటే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్ ఎంత ముందు మొదలెడితే అంత ఆశ. రెండు వారాలు దాటాక ఆ ఆశ బాగా సన్నగిల్లిపోతుంది. పోసిన నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది, దెబ్బ తగిలింది దాని వెనకాల, లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలో. నూనె ఆగకుండా లోపలికి పోయిందంటే కర్ణభేరికి చిల్లుందన్నమాట, అది ఇంకో జబ్బు. ఆ కుర్రాడి వాళ్లు పాపం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తెలిసిందంతా చేశారు. ఆ తెలిసిందే పందొమ్మిది రోజులు తినేసింది.

ఇక గింగురు తగ్గినవాళ్ల సంగతి. 2009లో కుజావా, లిబర్మన్ అనే పరిశోధకులు చిట్టెలుకలకి రెండు గంటలు పెద్ద చప్పుడు వినిపించి చూశారు. కొన్నాళ్లకి థ్రెషోల్డ్స్, అంటే ఎంత చిన్న చప్పుడు వినపడుతుందన్న కొలతలు, మామూలుకొచ్చేశాయి. కాక్లియాలో చప్పుడుని పట్టే హెయిర్ సెల్స్‌కీ, దాన్ని మెదడుకి మోసే నరానికీ మధ్య తెగిన సినాప్సులు, అంటే అతుకులు మాత్రం తిరిగి రాలేదు. మనుషుల్లో హెయిర్ సెల్ చచ్చిపోతే ఇంకోటి పుట్టదు. ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి శబ్దాల దగ్గర, వినికిడిలో గొయ్యి పడుతుంది, స, శ, ఫ లాంటి సన్నటి అక్షరాలు జారిపోవడం మొదలవుతుంది. "మాట వినపడుద్దండి, ఏమన్నారో తెలీదండి" అంటూ వచ్చేవాళ్ల ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) చూడకుండానే గీసేయగలను.

ఇది నా ఒంటి మీదే తెలుసుకున్నాను. 2011 అక్టోబర్ 30, ఆదివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, మెటాలికా అనే అమెరికన్ మెటల్ బ్యాండు షో. అంతకు రెండ్రోజుల ముందే గుర్‌గావ్ షో రద్దయిపోయింది. అందుకని లైట్లు ఆరేదాకా మాకు నమ్మకం లేదు. ఆరాక, వాళ్లు స్టేజీ ఎక్కేముందు వేసే మోరికోనే సినిమా సంగీతం మొదలయ్యేసరికి పక్కనున్న ముక్కూమొహం తెలీనివాడి భుజం పట్టుకుని ఏడ్చేశాను. చప్పుడు తగ్గించడానికి చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ నా బ్యాగులోనే ఉన్నాయి. మొదటిసారి కదా, అడ్డం లేకుండా వినాలనుకున్నాను. నేను చదివిన చదువే ఇది.

సోమవారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మంగళవారం పొద్దున్న కొవ్వూరు దాటాం. గోదావరి బ్రిడ్జి మీద రైలు చప్పుడు మనకి చిన్నప్పట్నుంచి ఎరికే, గుండెల్లో మోగుతుంది. ఆరోజు ఎక్కడో పక్క ఊళ్లో రైలు పోతున్నట్టుంది. ఎదురుగా ఒక మామ్మగారు నీళ్లలోకి రూపాయి విసిరి, దణ్ణం పెట్టుకుని, నాకేసి తిరిగి ఏదో అన్నారు. గొంతు వినపడింది, మాట అందలేదు. రెండోసారీ అందలేదు. ఆవిడ నా చేతిలో ఓ రూపాయి పెట్టాక అర్థమైంది, నన్నూ వెయ్యమంటున్నారు. వారానికి ఆడియోగ్రామ్ నార్మల్‌కొచ్చింది. కానీ రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఎడమ చెవిలో సన్నగా ఈల ఇప్పటికీ వస్తూనే ఉంది.

భయపడి నిద్ర మానేసేవాళ్లకి ఒక మాట. షో తర్వాత వచ్చే గింగురు చాలామందిలో ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. నిశ్శబ్దంలో కూర్చుని దాన్నే వింటూ ఉండకండి, ఫ్యాను వేసుకుని పడుకోండి. ఆ వారం ఇయర్‌ఫోన్స్ ముట్టుకోకండి. పూర్తిగా చెవుడొచ్చేస్తుందని వాట్సాప్‌లో తిరిగేవి చదవకండి. చెవి మూసుకుపోయినట్టుంటే మాత్రం పైన చెప్పిందే.

మిగతావి గబగబా. మెటల్ కాబట్టే చెవులు పోతాయన్నది అపోహ. చెవికి పాట ఏ రకమో తెలీదు, ఎన్ని డెసిబెల్స్, ఎంతసేపు అన్నదే లెక్క. రోజుకి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలదాకా పర్లేదు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం, 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. నిమజ్జనం డీజేకైనా ఇదే లెక్క. మా కోనసీమలో సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మందుగుండు కాలుస్తుంటే చంటిపిల్లల్ని ఎత్తుకుని పక్కనే నిలబడేవాళ్లని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

దూది పెట్టుకుంటే చాలన్నది కూడా తప్పే, దాంతో ఆగేది బహు తక్కువ. వెళ్లేముందు గుబిలి తీయించుకోవాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, పిన్నీసుతో కెలుక్కుని వచ్చినవాళ్లున్నారు.

ప్లగ్స్ పెడితే పాట చెడిపోతుందంటారు. ఫోమ్‌వి పైస్థాయి శబ్దాన్ని ఎక్కువ మింగేస్తాయి, నిజమే. మ్యుజీషియన్ ప్లగ్స్ అన్నిటినీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, గిటార్ గిటార్‌లాగే ఉంటుంది. నిలబడటానికి సౌండ్ కన్సోల్ దగ్గర చోటు చూసుకోండి, మిక్స్ చేసేవాడు వినేది అక్కణ్ణుంచే.

ఆ కుర్రాణ్ణి అదేరోజు ఈఎన్‌టీకి పంపాను. రెండు నెలలకి కింది ఫ్రీక్వెన్సీలు కొంత కోలుకున్నాయి, 4000 హెర్ట్జ్ దగ్గర మాత్రం 60 డెసిబెల్స్ ఉంటేగానీ వినపడని స్థితిలోనే ఆగిపోయింది. మొన్న వచ్చినప్పుడు వాళ్లమ్మగారు "ఇంక ఇలాంటివాటికి పంపకూడదాండీ?" అని అడిగారు. వాడు తలొంచుకున్నాడు. పంపండమ్మా అన్నాను. డబ్బాలోంచి ఫోమ్ ప్లగ్స్ తీసి వాడి చేతిలో పెట్టాను. వేళ్ల మధ్య సన్నగా వత్తిలా నలపాలి. రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి. లోపలికి తోసి, ఉబ్బేదాకా అరనిమిషం వేలు అదిమి ఉంచాలి. మొదటిసారి సగం బయటికొచ్చేసింది. మూడోసారికి బాగున్న ఎడమ చెవిలో సరిగ్గా కూర్చుంది.

"ఫ్యాను ఆపేశారాండీ?" అన్నాడు.