ఒక్క అంగుళం లూజు

కావలి పక్కన తుమ్మలపెంటలో పుట్టి, అలల్లో ఆడుకుంటూ పెరిగిన నా పాత విద్యార్థి ఒకడు మొన్న ఫోన్ చేశాడు. ఇప్పుడు పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగున ఈదడం, నేర్చుకుంటున్నాడు. చలెయ్యకుండా దానికి వెట్‌సూటు అనే రబ్బరు తొడుగు వేసుకుంటారు. "సార్, నీళ్ళు 27 డిగ్రీలు. ఒంటి మీద వెట్‌సూటు కూడా ఉంది. అయినా అరగంట కాకముందే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పుట్టినకాడి నుంచి సముద్రంలో తిరిగినోడిని, నాకు చలెయ్యడమేంది సార్?" అన్నాడు.

"సూటు ఎట్టా ఉంది, టైటుగానా లూజుగానా?" అని అడిగా.

"కాస్త లూజే సార్. అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర నా సైజు లేదు. లూజైతే సుఖంగా ఉంటుంది గదా అని అదే తగిలించుకున్నా."

చలికి కారణం ఆ లూజే. వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతా సగం లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నా.

బట్టల విషయంలో మనకు అలవాటైన ఆలోచన గాలిలో బతికేవాళ్ళది. ట్రంకు రోడ్డులో ఏ టైలరు కొట్టు ముందు నిలబడినా "పెరిగే పిల్లోడు, కాస్త లూజు పెట్టు" అనే మాట వినపడుతుంది. మన ఎండలకు అది మంచి మాటే. చొక్కాకూ ఒంటికీ మధ్య గాలి ఆడాలి, చెమట ఆరాలి. చలిలోనూ లోపల కదలకుండా ఉన్న గాలే మనకు దుప్పటి, ఎందుకంటే గాలికి వేడిని మోసుకుపోవడం సరిగా చేతకాదు. నీళ్ళు అట్లా కాదు. గాలికంటే ఇరవై రెట్లకు పైగా జోరుగా వేడిని దాటిస్తాయి. పైగా ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడికి దాదాపు 3500 రెట్లు పెడితేగాని లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కవు. అందుకే 27 డిగ్రీల గదిలో ఫ్యాను వేసుకుంటాం, 27 డిగ్రీల నీళ్ళలో వణుకుతాం. మే నెలలో బావిలో ఈతకొట్టి గట్టెక్కిన పిల్లవాడిని చూడండి. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగి ఉంటాయి, వేళ్ళ కొసలు ముడతలు పడి ఉంటాయి, కాలుతున్న బండ మీద బోర్లా పడుకుని ఒళ్ళు కాచుకుంటుంటాడు. తడిబట్టతో ఉంటే జలుబు చేస్తుందని ఇంట్లో తిట్లు. జలుబును తెచ్చేది వైరస్, తడిబట్ట కాదు. కానీ తడిబట్ట ఒంట్లో వేడిని తోడేస్తుందనేది నిజం. పెద్దవాళ్ళ మాటను మొత్తంగా కొట్టిపారేయకుండా, అందులో నిలిచేదేదో నిలవనిదేదో పిల్లలకు విడదీసి చూపించాలని నా పట్టుదల.

వెట్‌సూటు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరు 1930లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. దాన్ని నురుగులా పొంగిస్తే లోపల కోట్ల బుడగలు ఏర్పడతాయి, వాటిలో నైట్రోజన్ ఉంటుంది. ఇడ్లీలో రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని సాంబారును పీల్చేస్తాయి. నియోప్రీన్‌లో ఏ బుడగకు ఆ బుడగ మూతపడి ఉంటుంది, నీళ్ళు చొరబడవు. దీన్ని ఒంటికి తొడగాలన్న ఆలోచన 1950ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్‌ది. అప్పటిదాకా అందరూ ఈతగాడి ఒళ్ళు తడవకుండా ఎట్లా చూడాలా అని తన్నుకులాడుతుంటే, ఆయన ఒళ్ళు తడిస్తే తడవనీ అన్నాడు. వేడిని ఆపే పని బుడగలు చూసుకుంటాయి. నాకు ఇంత ఇష్టమైన ఆలోచన భౌతికశాస్త్రంలో ఇంకొకటి లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సూటులోకి చేరిన నీటిపొర వేడెక్కి మనల్ని వెచ్చగా ఉంచుతుందని చెప్పేస్తారు. నీళ్ళు నియోప్రీన్ నురుగుకంటే పది రెట్లకు పైగా వేడిని దాటిస్తాయి, అవి దుప్పటి ఎట్లా అవుతాయి? ఆ పొర మనకు చేసే మేలేమీ లేదు, మనం దాన్ని భరిస్తున్నాం, అంతే. ఎంత పల్చగా ఉంటే, ఎంత కదలకుండా ఉంటే అంత మంచిది.

ఎంత నీరు చేరుతుందో లెక్క వేద్దాం. సూటు కప్పే ఒళ్ళు సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. ఒంటికీ సూటుకూ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉంటే ఒకటిన్నర లీటరు నీళ్ళు పడతాయి. సెంటీమీటరు ఉంటే పదిహేను లీటర్లు, అంటే ఒక బిందెడు.

మరి మనవాడి ఛాతీ దగ్గర ఒక్క అంగుళం లూజు అనుకుందాం. సందు ఎంత వస్తుంది? భూమధ్యరేఖ చుట్టూ బిగించి తాడు కట్టి, దాని పొడవు ఒక్క అంగుళం పెంచితే నేలకూ తాడుకూ మధ్య ఎంత ఎడం వస్తుందని క్లాసులో అడిగితే అందరూ నవ్వేవారు. జవాబు నాలుగు మిల్లీమీటర్లు. ధాన్యం గాదె చుట్టూ కట్టినా నాలుగే, మనిషి ఛాతీ చుట్టూ కట్టినా నాలుగే. చుట్టుకొలత పెరిగినదాన్ని 6.28తో (2πతో) భాగిస్తే వచ్చేదే సందు, లోపల ఉన్నది భూగోళమా బక్క మనిషా అన్నదాంతో దానికి పనిలేదు. మా టైలరు దీన్ని నమ్మలేదు. టేపు తీసి ముందు స్తంభానికి, తర్వాత దారపు రీలుకు చుట్టి చూశాడు, చాలాసేపు మాట్లాడలేదు. సరే, ఒళ్ళంతా ఇంతే లూజనుకుంటే, నాలుగు మిల్లీమీటర్లకు ఆరు లీటర్లు. టేపు మీద ఒక్క అంగుళం, ఒంటి మీద ఆరు లీటర్లు!

ఆ ఆరు లీటర్లూ కదలకుండా ఉంటే ఒకసారి వేడెక్కి ఊరుకునేవి. కానీ నీళ్ళు ఒళ్ళంతా సమానంగా పరుచుకోవు, నడుము వెనక పల్లంలో, చంకల్లో గుంటలు కడతాయి. డైవరు ముందుకు వంగితే వీపు మీద సూటు బిగుసుకుని ఆ గుంటను నొక్కుతుంది, వెచ్చటి నీళ్ళు మెడ దగ్గర బయటికి చిమ్ముతాయి. నిటారుగా సాగితే గుంట మళ్ళీ తెరుచుకుని చల్లటి నీళ్ళను లోపలికి లాగుతుంది. కమ్మరి కొలిమి తిత్తి అచ్చం ఇట్లాగే పనిచేస్తుంది. ఐదు నిమిషాలకు మూడు లీటర్లు మారాయనుకోండి. 27 నుంచి చర్మపు వేడి 33 దాకా, ఆరు డిగ్రీలు. లీటరుకు డిగ్రీకి 4.18 కిలోజౌళ్ళు. మొత్తం 75 కిలోజౌళ్ళు, 300 సెకన్లలో. అంటే 250 వాట్లు. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు పుట్టించే వేడి సుమారు 100 వాట్లే. రబ్బరు గుండా పోయే వేడి దీనికి అదనం. మనవాడు ఆ రోజు తన ఒంటితో బంగాళాఖాతాన్ని కాచే పనిలో ఉన్నాడు!

లోతుకు పోతే ఇంకో చిక్కు. పది మీటర్ల దగ్గర పీడనం గట్టు మీద ఉన్నదానికి రెండు రెట్లు, ముప్పై మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. పీడనం ఎన్ని రెట్లు పెరిగితే వాయువు అన్నో వంతుకు కుదించుకుపోతుందని శాస్త్రవేత్త బాయిల్ చెప్పినట్టే బుడగలు సగానికీ, పావుకూ నలుగుతాయి. రబ్బరు నలగదు కాబట్టి సూటు మందం అంతగా తగ్గదుగానీ, బాగానే పల్చబడుతుంది. గట్టు మీద సరిపోయిన సూటు కింద కాస్త వదులవుతుంది. బాయిల్ సూత్రాన్ని మార్కుల కోసం బట్టీపట్టే పిల్లల చేతిలో ఒక్క నియోప్రీన్ ముక్క పెడితే ఎంత బాగుంటుంది!

అట్లాగని పిసికేసే సూటు కొనకూడదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమనుల్లో రక్తపోటును కనిపెట్టే నాడులున్నాయి. కాలరు వాటిని నొక్కితే రక్తపోటు పెరిగిందని పొరబడి మెదడు గుండెను నెమ్మదింపజేస్తుంది, కళ్ళు తిరుగుతాయి. ఛాతీ బిగుతైతే ప్రతి ఊపిరీ కష్టమే. గట్టు మీద గుండెనిండా ఊపిరి తీసుకోగలగాలి. మెడ దగ్గర ఊపిరి ఆడనట్టుందీ అంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఆ సూటు విప్పెయ్యాలి.

చేతులూ కాళ్ళూ కాస్త పొడుగైతే నష్టం లేదు. మొండెం పొడుగైతే మాత్రం ఆ సూటు వద్దు, నడుము దగ్గర ముడతపడి గుంట కట్టేది అక్కడే. ఆడవాళ్ళకు వేరే కత్తిరింపుతో దొరుకుతాయి, మగవాళ్ళవి వేసుకుంటే నడుము వెనక ఖాళీ మిగులుతుంది. వేసుకున్నాక గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, చంకలోనూ తొడల మధ్యా ఖాళీ ఉందేమో తడిమి చూడండి. కుట్లు కూడా చూడాలి. మామూలు కుట్టులో సూది రబ్బరును అటూ ఇటూ పొడుచుకుపోతుంది, ప్రతి రంధ్రం నీటికి దారే. మంచి సూటులో అంచులు జిగురుతో అతికించి, చీరకు ఫాల్ కుట్టినంత పైపైన, సూది అవతలికి దిగకుండా కుడతారు.

మనవాడు ఒక సైజు తగ్గించి ఇంకో సూటు తీసుకున్నాడు. పోయిన ఆదివారం మళ్ళీ ఫోన్. "తొడుక్కునేదానికే పావుగంట పట్టింది సార్. లోపలికి దిగినాక మాత్రం ఒంటి మీద ఉన్నట్టే లేదు. నలభై నిమిషాలున్నా. వీపు మధ్యన ఒక్క గీత మాత్రం చల్లగా ఉండింది." వీపు మీది జిప్పు లోపల నీళ్ళను ఆపే పట్టీ సాఫుగా పరుచుకుందో లేదో చూశావా అని అడిగా. ఫోన్ పక్కన పెట్టి చూసొచ్చాడు. "మడత పడింది సార్!"