ఎపిలెప్సీ కాన్ఫరెన్స్‌లో రీసెర్చ్ వర్క్‌షాప్ పెట్టాలనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కాన్ఫరెన్స్ తేదీలు బయటికి రాగానే కుర్ర న్యూరాలజిస్టుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఈసారి అందరం కలిసి పరిశోధన చేసేలా ఒక వర్క్‌షాప్‌కి ప్రపోజల్ పంపుదాం అనుకుంటున్నాం, ఒకసారి చూస్తారా?" ఉత్సాహానికి లోటుండదు. పంపిన రెండు పేజీలు తెరిస్తే మాత్రం స్పీకర్ల ఫొటోలు, స్వాగతోపన్యాసం, లంచ్ టైమ్ కనిపిస్తాయి. పరిశోధన ఏమిటో ఎంత వెతికినా దొరకదు. మూర్ఛ వైద్యం చేస్తూ, ఇలాంటి ప్రపోజల్స్ రాస్తూ, ఇతరులవి చదువుతూ తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్ద పేర్లుంటే ప్రపోజల్ దానంతటదే పాసవుతుంది

పెద్ద పేర్లు హాలు నింపుతాయి, అంతవరకు నిజమే. పెద్దాయన ఇరవై నిమిషాలు మాట్లాడి ఫ్లైట్‌కి వెళ్లిపోయాక మనకు మిగిలేది శాలువా కప్పిన ఫొటో. ప్రపోజల్స్ చూసే కమిటీకి కావాల్సింది ఒక ప్రశ్న. అదీ ఒక్క ఆసుపత్రి ఒంటరిగా జవాబు చెప్పలేని ప్రశ్న. "దక్షిణ భారతంలో ఎపిలెప్సీ పరిశోధన: అవకాశాలు, సవాళ్లు" అన్నది బ్యానర్ మీదకు బాగుంటుంది గానీ దాంతో ఏ పనీ మొదలవదు.

దాన్నే ఇలా కిందికి దించండి: రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగని పేషెంటు సర్జరీ పరీక్షల కోసం ఎపిలెప్సీ సెంటర్‌కి చేరేసరికి ఎన్నేళ్లు గడుస్తున్నాయి? ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? ఇది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి పేజీలు అక్కర్లేదు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2017లో ప్రచురించిన ట్రయల్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలు 116 మంది. ఏడాది తర్వాత చూస్తే సర్జరీ వైపు ఉన్నవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, మందుల మీదే ఉన్నవాళ్లలో 7 శాతం మందికి. మరి కలిసి ఎందుకు చేయాలి? సెంటర్‌కి కనిపించేది అక్కడిదాకా వచ్చినవాళ్లే. రానివాళ్ల కేస్ షీట్లు జిల్లా ఆసుపత్రుల్లో, ఊళ్లలోని క్లినిక్కుల్లో ఉన్నాయి.

అపోహ: వర్క్‌షాప్ అంటే నాలుగు లెక్చర్లు, చివర్లో ప్రశ్నలు

దాన్ని సింపోజియం అంటారు. వర్క్‌షాప్‌లో వచ్చినవాళ్ల చేతికి పని ఉండాలి.

పై ప్రశ్ననే తీసుకుందాం. ఎవరిని "మందులకు లొంగని" పేషెంటుగా లెక్కించాలో ముందు అందరూ ఒప్పుకోవాలి. అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం ఐఎల్ఏఈ 2010లోనే నిర్వచనం ఇచ్చింది: ఆ మూర్ఛకు తగిన మందులు రెండు, పేషెంటు తట్టుకోగలిగినవి, సరిగ్గా వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోవడం. చదివితే తేలిగ్గానే ఉంది. కేస్ షీట్ ముందు పెట్టుకున్నాకే అసలు తగాదా.

ఒక నమూనా షీట్ చూడండి. పందొమ్మిదేళ్ల అబ్బాయి. మొదట కార్బమజెపైన్, పూర్తి డోసులో ఏడాది వాడినా నెలకు రెండు మూడు ఫిట్స్. తర్వాత లెవెటిరాసెటం చేర్చారు. ఇంట్లో అందరి మీదా కస్సుబుస్సులాడుతున్నాడని మూడు వారాలకే మానేశారు. ఆపైన క్లోబజామ్, పక్కనే "రెగ్యులర్‌గా వేసుకోవడం లేదు" అని రాసి ఉంది. ఇతనికి ఎన్ని మందులు ఫెయిలైనట్టు? వర్క్‌షాప్‌లో ఒక టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు మూడంటారు, పక్క టేబుల్ వాళ్లు ఒకటంటారు. నిర్వచనం ప్రకారం ఒకటే. మూడు వారాలకు ఆపేసిన మందు ఫిట్స్‌ని ఆపేదో కాదో తేల్చలేం. సరిగ్గా వేసుకోని మందు మీద నింద వేయలేం. ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కేసి పది ఆసుపత్రుల డేటా కలిపితే అది కలగూరగంపే.

అందుకని ప్రపోజల్‌లో పని వరస రాయండి. మూడు గంటలు, ముప్పై మందికి మించకుండా. మొదటి గంటలో అన్ని టేబుళ్లూ అవే నమూనా షీట్లు చూసి ప్రొఫార్మా, అంటే అందరూ ఒకేలా వివరాలు రాసే ఫారం, నింపుతాయి (అసలు పేషెంట్ల షీట్లు వద్దు, అనుమతుల గొడవ). రెండో గంటలో జవాబులు ఎక్కడ తేడా వచ్చాయో చూసి ప్రొఫార్మా సరిదిద్దుతారు. మూడో గంట మొత్తం ఎవరు ఏం చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్నదానికే ఉంచండి.

అపోహ: వీడియో ఈఈజీ, 3 టెస్లా ఎంఆర్ఐ లాంటి పెద్ద యంత్రాలు లేని ఊళ్లకు ఇందులో చోటు లేదు

ఈ మాట వింటే నాకు చిరాకే. తలస్నానం చేస్తుండగా వేడినీళ్లు నెత్తిమీద పడితే వచ్చే మూర్ఛ గురించి బెంగళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు 1988లో 279 మంది వివరాలతో పేపర్ ప్రచురించారు. ఆ మూర్ఛను పట్టిచ్చేది స్కాన్ కాదు. "నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయమ్మా, ఎన్ని చెంబులు పోసుకున్నాక వచ్చింది?" అని ఓపిగ్గా అడిగే డాక్టరు. తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థలో 1998లో మొదలైన కేరళ రిజిస్ట్రీ కూడా అంతే. మూర్ఛ ఉన్న గర్భిణుల్ని నమోదు చేసుకోవడం, వదలకుండా ఫాలోఅప్ చేయడం, పుట్టిన బిడ్డను పరీక్షించడం దాని బలం.

మన ప్రశ్నకైతే జిల్లా డాక్టరు లేనిదే పని జరగదు. "రెండో మందు ఏ తేదీన మొదలైంది?" అంటే ఏ ఇంట్లోనూ జవాబు రాదు. "సంక్రాంతికి ముందా, తర్వాతా? చెల్లెలి పెళ్లప్పటికే వేసుకుంటున్నాడా?" అని అడిగి నెల రాబట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ప్రొఫార్మాలో తేదీ పక్కన "కచ్చితంగా / సుమారుగా" అని ఒక గడి ఉండాలని చెప్పేదీ ఆయనే.

అపోహ: కలిసి చేయడమంటే మన డేటా అంతా ఒకరి చేతిలో పెట్టేయడం

ఈ భయం ఊరికే పుట్టలేదు, గతంలో కొందరికి చేదు అనుభవాలున్నాయి. కానీ దారి ఉంది. మెదడు స్కాన్ల మీద పలు దేశాలవాళ్లు కలిసి పనిచేసే ఎనిగ్మా-ఎపిలెప్సీ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 14 దేశాల నుంచి 24 కేంద్రాలు, మూర్ఛ ఉన్నవాళ్లు 2,149 మంది. ప్రతి కేంద్రం తన స్కాన్లను అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతిలో కొలిచింది, ఆ కొలతల ఫలితాలనే కలిపి విశ్లేషించారు. మన దగ్గరా అలాగే చేయొచ్చు. ఏ అంశాలు పంచుకుంటాం, ఎవరు చూడగలరు, మధ్యలో తప్పుకుంటే ఏమవుతుంది అన్నవి ఒక పేజీలో రాసి ప్రపోజల్‌కి జత చేయండి.

అపోహ: ఎథిక్స్, ఆథర్‌షిప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు

తర్వాత అంటే పేచీ. పాత కేస్ షీట్లు తిరగేయడానికి కూడా ఎథిక్స్ కమిటీకి వెళ్లాల్సిందే. విదేశీ సంస్థ భాగస్వామి అయితే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. ఇక పేపర్ మీద పేర్లు. ఎన్ని కేసులు ఇస్తే పేరు, రాతలో పాల్గొనకుండా కేసులు మాత్రం ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడ, మొదటి పేరు ఎవరిది అన్నది మూడో గంటలోనే తేల్చి సంతకాలు పెట్టించండి. పెద్దవాళ్ల ముందు అడగడం మొహమాటమే. అయినా అడగండి.

అపోహ: పేషెంట్లకు అక్కడేం పని?

నేను కూర్చున్న ఒక చర్చలో ఒక తల్లి అంది: "ఆపరేషన్ అనేది ఒకటుందని మా వాడికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదండి." అప్పటిదాకా ప్రొఫార్మాలో ఉన్నది "రిఫర్ చేశారా? అవును / లేదు" అంతే. ఆవిడ మాటతో "సర్జరీ గురించి మొదట చెప్పింది ఎవరు, ఎప్పుడు?" అన్న ప్రశ్న చేరింది. అది లేకపోతే ఆలస్యాన్ని మేం ఎప్పటికీ పేషెంటు భయం ఖాతాలోనే రాసేవాళ్లం.

ఒక జాగ్రత్త. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ ప్రస్తావనను 1999లో తీసేశారు. కానీ సంబంధాలు చూసేటప్పుడు ఇప్పటికీ దాచిపెట్టే ఇళ్లు ఎన్నో. వచ్చిన కుటుంబాన్ని అడగకుండా బ్రోచర్‌లో పేరు వేయొద్దు, గ్రూప్ ఫొటోలోకి లాగొద్దు. వాళ్ల ప్రయాణ ఖర్చు బడ్జెట్‌లో చూపించండి.

అపోహ: వర్క్‌షాప్ అయ్యాక వాట్సాప్ గ్రూప్ ఉంటే చాలు

రెండో వారానికి ఆ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు మిగులుతాయి. ఫారాలు వచ్చాయా, ఎవరిది ఆగింది, ఏ గడి ఖాళీగా ఉంది అని వెంటపడటానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి. జ్ఞాపికలు, బొకేల పద్దు కొట్టేసి ఆ డబ్బుతో పార్ట్‌టైమ్ కోఆర్డినేటర్‌ని పెట్టుకోండి. ఆ ఒక్క లైను బడ్జెట్‌లో కనిపిస్తే, వీళ్లు నిజంగానే పని చేసేలా ఉన్నారని చదివే కమిటీ సభ్యుడికి తెలిసిపోతుంది.