40 కోట్ల ఒంగోలు ఆవు: బ్రెజిల్ గురించి అపోహలు, వాస్తవాలు

"డాక్టరు గారూ, మా పెయ్య మూపురం చూశారా? బ్రెజిల్ వాళ్లకి చూపిస్తే ఎంత పలుకుతుందంటారు?" ప్రకాశం జిల్లాలో పశువైద్యం చేసేవాళ్లలో ఈ ప్రశ్న ఎదురుకానివాళ్లు తక్కువ. బ్రెజిల్‌లో కోట్లు పలికిన వయాటినా-19 అనే ఆవు ఫొటో ఫోన్‌లో తీసి చూపించి మరీ అడుగుతారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. అప్పుల్లో ఉన్న మనిషికి నీ దొడ్లోనే కోట్లు కట్టేసి ఉన్నాయని చెబితే ఆశ పుట్టకుండా ఉంటుందా? నా కోపమంతా అలా ఆశపెట్టే వీడియోలు చేసి వదిలేవాళ్ల మీద.

అపోహ: బ్రెజిల్‌లో ఒంగోలు ఆవుని 40 కోట్లకు కొన్నారు, మన ఆవుకీ ఆ ధర వస్తుంది.

2023లో సావో పాలో రాష్ట్రంలోని అరందూలో జరిగిన వేలంలో అమ్మింది ఆ ఆవులో మూడో వంతు వాటా మాత్రమే. దానికి దాదాపు 70 లక్షల బ్రెజిల్ రియాళ్లు వచ్చాయి. అప్పటి మారకంలో మన 12 కోట్ల లోపు. దాన్ని మూడుతో హెచ్చించి ఆవు మొత్తం విలువ చెప్పారు. అది మన వాట్సాప్ గ్రూపులకు చేరేసరికి 40 కోట్లయి కూర్చుంది.

ఆ వాటా కొన్నవాళ్లకు కావలసింది పాలూ కాదు, మాంసమూ కాదు. దాని అండాలు. అండాల్ని తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసి, ఆ పిండాల్ని మామూలు ఆవుల కడుపులో పెడతారు. అలా ఒక్క ఆవు నుంచి ఏడాదికి ఎన్నో దూడలు తీయవచ్చు. ఆ ఆవు బరువు 1,101 కిలోలు, మన ఒంగోలు నుంచి పుట్టిన అక్కడి నెలోర్ జాతి ఆవుల సగటుకి దాదాపు రెట్టింపు. ఆ ఎదుగుదల దూడలకీ వస్తుందన్న నమ్మకానికే అంత డబ్బు పోశారు.

నమ్మకం ఊరికే రాలేదు. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఉబెరాబా అనే ఊరుంది. ఏటా ఏప్రిల్ చివర్లో మొదలయ్యే ఎక్స్‌పోజెబు పశు ప్రదర్శన అక్కడే. నేను వెళ్లినప్పుడు పశువుల కంటే ఎక్కువసేపు చూసింది కాగితాలే. మెరిసే తెల్లటి గిత్త పక్కన దాని తల్లిదండ్రులు, తాతల పేర్లు, పుట్టినప్పటి బరువు, పాలు మాన్పించినప్పటి బరువు, ఏడాదికి, ఏడాదిన్నరకు ఎంత తూగిందో అన్నీ ఉన్నాయి. అక్కడి జెబు (మూపురం ఉన్న పశువులు) పెంపకందారుల సంఘం దగ్గర 1919 నాటి వంశావళి పుస్తకాల నుంచి రికార్డులున్నాయి. పశువులు కాసే కుర్రాడు కూడా ఒక కోడె తాత పేరు తడుముకోకుండా చెప్పాడు. మన దొడ్లో ఆవు ఎంత బాగున్నా దాని తండ్రి ఫలానా అని కాగితం చూపించగలవాళ్లు ఎందరు? కాగితం లేని పశువుకి అక్కడ అందం ఒక్కటే మిగులుతుంది.

పోనీ, కొనాలని ఉన్నా కొనలేరు. మన దగ్గర గాలికుంటు వ్యాధి ఉంది. టీకా కూడా వేయకుండానే ఆ వ్యాధి లేని దేశంగా బ్రెజిల్‌కి 2025 మేలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్న పేరుని మన ఆవు కోసం పణంగా పెడతారా? 1960ల మొదట్లో ఇక్కడి పశువుల్ని ఓడల్లో తీసుకెళ్లినప్పుడే నేరుగా ఒడ్డుకు చేర్చలేదు. అట్లాంటిక్ మధ్యలో ఫెర్నాండో డి నోరోన్యా ద్వీపంలో నెలల తరబడి విడిగా ఉంచారు. ఆ పెద్ద దిగుమతుల తర్వాత తలుపులు మూసేశారు. ఇటునుంచి కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా పశువుని గానీ, వీర్యాన్ని గానీ, పిండాన్ని గానీ పంపడం కుదరదు.

ఇంత చెబుతున్నది ఎందుకంటే, మా దగ్గరి ఒక రైతు చూలావుకి గుంటూరు వైపు నుంచి మంచి బేరం వచ్చింది. "బ్రెజిల్ రిజిస్ట్రేషన్ చేయిస్తా, కొనేవాళ్లు మీ గుమ్మంలోకే వస్తారు" అని ఒక బ్రోకర్ ఆయన్ని ఆపాడు. ఫీజు పేరుతో డబ్బు పట్టుకెళ్లాడు. ఆవు చెవికి ఉన్న పసుపు ట్యాగ్ మీద 12 అంకెలు చూపించి, ఇదే ఇంటర్నేషనల్ నంబర్ అన్నాడట. అది మన పశుసంవర్ధక శాఖ వేసే ట్యాగ్, ఊళ్లో గేదెలకీ అదే ఉంటుంది. ఈలోగా గుంటూరు బేరం పోయింది, బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ రైతు కూతురి కాలేజీ ఫీజుకి వడ్డీకి తెచ్చాడు. ఆయన నా ముందు కూర్చుని "తప్పు నాదేనా డాక్టరు గారూ?" అంటే కాదు, ముమ్మాటికీ కాదు అన్నాను.

అపోహ: అసలు ఒంగోలు జాతి ఇప్పుడు బ్రెజిల్‌లోనే ఉంది.

అక్కడున్నది మన జాతి నుంచి పుట్టి, మాంసం కోసం తరతరాలుగా ఎంపిక చేసిన నెలోర్. కొమ్ముల్లేని నెలోర్ కూడా ఉంది. మనది అరక దున్నే, బండ లాగే పశువు. మన పశువు కావాలంటే లాం ఫారం, చదలవాడ ఫారం ఉన్నాయి.

అపోహ: బ్రెజిల్ అంటే అమెజాన్ అడవి.

ఉబెరాబా చుట్టూ ఎర్రమట్టి, పొట్టి చెట్లు, పచ్చిక. సెరాడో అంటారు. మే నుంచి సెప్టెంబరు దాకా దాదాపు చినుకుండదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియేరియా గడ్డి, ఎండని తట్టుకునే మన పశువు, రెండూ కలిసి అక్కడ నిలదొక్కుకున్నాయి. చలి ఎక్కువుండే దక్షిణాన ఆంగస్, హెయిర్‌ఫర్డ్ లాంటి యూరప్ జాతులే ఎక్కువ. అయితే ఒక మాట దాచకూడదు: పశువుల మేత కోసం అమెజాన్‌ని నరికారు, నరుకుతున్నారు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ పశువులున్న మున్సిపాలిటీ సావో ఫెలిక్స్ దో షింగూ ఉన్నది అమెజాన్ ప్రాంతమైన పారా రాష్ట్రంలోనే.

అపోహ: వాళ్లు కోసుకు తింటారు, వాళ్లకి పశువంటే ప్రేమేం ఉంటుంది?

తింటారు. 20 కోట్ల జనాభాకి అక్కడ 23 కోట్లకు పైగా పశువులు. కానీ జూన్‌లో మరాన్యావ్ రాష్ట్రానికి వెళ్తే వీధుల్లో ఎద్దు చుట్టూ ఆట ఆడతారు. చూలాలైన కాతిరీనా ఎద్దు నాలుక తినాలని కోరితే మొగుడు యజమాని ఎద్దుని చంపుతాడు. ఆ ఎద్దు మళ్లీ లేచి నిలబడితేనే ఆట ముగుస్తుంది. ఈ బుంబా మెవు బోయికి 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అమెజాన్ నది మీది పారింటిన్స్‌లోనైతే నీలం ఎద్దు, ఎర్ర ఎద్దు జట్లుగా ఊరే రెండుగా చీలిపోతుంది. అక్కడ పేరు తెచ్చుకున్న గిత్తల పేర్లు కర్వాది, గోదావరి, ఆకాశము. కరవది మన ఒంగోలు పక్కన ఊరే కదా.

వాళ్ల భాష స్పానిష్ కాదు, పోర్చుగీసు. మీ ఆవు ఫొటోకి స్పానిష్‌లో మెసేజ్ పెట్టి బ్రెజిల్ నుంచి అన్నవాణ్ణి అక్కడే ఆపేయండి. ఫీజు కట్టమని ఎవరడిగినా, రూపాయి ఇచ్చేముందు ట్యాగ్ నంబర్ రాసుకుని దగ్గర్లోని పశువైద్యశాలకి రండి. మేం చూసి చెబుతాం, ఖర్చేమీ ఉండదు.